మూత్రము నిలువకపోవుట: స్త్రీల వ్యాధి, చికిత్స



నేటి ప్రసంగవిషయము నలుగురిలో పలుకుటకు సంకోచము కలిగించునది. స్త్రీలకు మూత్రము పట్టు తప్పి జాఱుట, దానికి గల కారణములు, చికిత్సలు అను వానిని గూర్చి చెప్పదలచితిని. ఇట్టి సంగతి రేడియోలో మాటలాడుట మర్యాదయేనా యని కొందఱు పెద్దలకు తోపవచ్చును. జ్వరమును గూర్చి, చూపును గూర్చి, మోకాళ్ళనొప్పిని గూర్చి మనము అరుగుమీద కూర్చుండి మాటలాడుకొందుము. ఈ వ్యాధిని గూర్చి మాత్రము ఇంటిలోపల సయితము మాటలాడుకొనము. అందువలన నయము కాదగిన జబ్బు ఏండ్లతరబడి నయము కాక నిలిచిపోవుచున్నది. కాబట్టియే దీనిని గూర్చి బహిరంగముగా చెప్పవలసియున్నది.

“ఒంటికి ఆగుట లేదు” అని పల్లెలలో స్త్రీలు దీనిని చెప్పుకొందురు. అదియును తల్లితోనో తోడికోడలితోనో రహస్యముగా చెప్పుకొందురు. దగ్గినపుడు నాలుగు చుక్కలు జాఱుటతో ఇది ప్రారంభమగును. తరువాత తుమ్మినను, నవ్వినను, నీళ్ళబిందె చంక నెత్తుకొన్నను బట్ట తడియును. అప్పటినుండి ఆమె నడవడి మాఱును. పెండ్లికి రమ్మన్నచో నడుమునొప్పి యనును. బతుకమ్మ ఆటలో వలయమున నిలువక గోడప్రక్కన కూర్చుండును. బస్సు ప్రయాణమనిన భయపడును. గుడికి పోవుట మానును. మహమ్మదీయ స్త్రీయైనచో వజూ నిలువదని నమాజునకే వెనుదీయును. ఇంటివారు “ఈమెకు వయసు వచ్చినది, ఒంటరిగా నుండగోరుచున్నది” అనుకొందురు. వాసన వచ్చునేమో యను భయముచేతనే ఆమె దూరముగా నుండుచున్నదని వారికి తెలియదు.

ఇట్టివారు ఎవరో ఒకరిద్దఱు కారు. అనేక దేశములలో జరిగిన పరిశీలనలనుబట్టి, వయసువచ్చిన స్త్రీలలో సుమారు నలుగురిలో ఒకరికైన ఈ బాధ కొద్దిగానో గొప్పగానో ఉండును. కాన్పులైనవారిలోను, ముట్లుడిగినవారిలోను, స్థూలకాయము గలవారిలోను ఇది మిక్కుటము. ఈ లెక్క ప్రకారము, మీ గ్రామమున నూఱిండ్లు ఉన్నయెడల అందు ఎన్ని యిండ్లలో ఈ బాధ మౌనముగా నున్నదో మీరే ఊహింపవచ్చును.

పల్లెలనుండి హైదరాబాదు చూడవచ్చువారికి నాంపల్లి, ఆబిడ్సు తెలియని పేటలు కావు. నాంపల్లి రైలు స్టేషను 1907లో నిర్మింపబడినది. నాంపల్లిలో ఏటేట జరుగు నుమాయిషు 1938లో ప్రారంభమైనది. ఆబిడ్సు వీథులలో పెండ్లిబట్టలు కొనుటకు జిల్లాలనుండి కుటుంబములు దిగుచుండును. ఇట్లు నగరమునకు వచ్చు స్త్రీలలో పెక్కుమంది ముందునాటి సాయంకాలమునుండియే నీళ్ళు త్రాగుట మానుదురు. త్రోవలో శుభ్రమైన మఱుగుదొడ్డి దొరకునో లేదో యను భయము ఒకటి, దొరకువఱకు మూత్రము ఆగునో లేదో యను భయము మఱియొకటి. ఎండలో నాలుకలు పిడుచగట్టుకొనుచుండగా, నాలుగు దుకాణములెక్కి దిగి చీరలు బేరమాడి, అట్లే తిరుగు రైలెక్కుదురు. ఆ వీథులకు కొద్దిదూరములోనే సుల్తాన్‌బజారులో ప్రభుత్వ ప్రసూతి వైద్యశాల ఉన్నది, రెడ్‌హిల్సులో నిలోఫర్ ఆసుపత్రి ఉన్నది, కింగుకోఠీలో ప్రభుత్వ వైద్యశాల ఉన్నది, మూసీ యొడ్డున ఉస్మానియా ఆసుపత్రిలో మూత్రవ్యాధుల విభాగమున్నది. చీరకొఱకు నాలుగు మెట్లెక్కిన తల్లి తన వ్యాధికొఱకు ఒక్క మెట్టు ఎక్కక వెనుదిరుగుచున్నది. ఆమెకు త్రోవ తెలియకపోవుటకంటె, ఇది వైద్యునికి చెప్పదగిన జబ్బని తెలియకపోవుటయే ఇందుకు ముఖ్యకారణము.

ఈ వ్యాధి బోధపడవలెనన్న ముందుగా శరీరనిర్మాణమును కొంచెము తెలిసికొనవలెను. మూత్రపిండములు రెండును దినమునకు సుమారు ఒకటిన్నర లీటరు మూత్రమును వడగట్టును. అది చుక్కచుక్కగా దిగి మూత్రాశయమను సంచిలో నిలువయుండును. ఆ సంచిలో నాలుగైదువందల మిల్లీలీటర్లు పట్టును. సగము నిండునప్పటికి మనకు వేగము తెలియును. సంచి మెడయొద్ద కండరము బిగిసియుండి ద్వారమును మూసియుంచును. మనము కూర్చుండినప్పుడు ఆ కండరము సడలి, సంచి ముడుచుకొని, మూత్రము వెలువడును. పురుషునకు మూత్రమార్గము సుమారు ఇరువది సెంటీమీటర్లుండగా స్త్రీకి నాలుగు సెంటీమీటర్లే యుండును. మార్గము పొట్టి యగుటచేత స్త్రీకి అడ్డుకట్ట సహజముగానే తక్కువ.

మూత్రాశయము, గర్భసంచి, మలాశయము ఈ మూడింటిని క్రిందనుండి మోయుచు ముందు ఎముకనుండి వెనుక ఎముకవఱకు కండరముల అల్లిక యొకటి ఉన్నది. దానిని నులకమంచముతో పోల్చవచ్చును. కొత్తగా అల్లిన మంచము బిగువుగా నుండును. బరువు మోసిమోసి కొన్నాళ్ళకు నడుమ గుంటపడును. కాన్పులు, పెద్ద బరువు లెత్తుట, ఎడతెగని దగ్గు, మలబద్ధకముచే ముక్కుట, ముట్లుడిగిన తరువాత శరీరములో వచ్చు మార్పులు, ఇవన్నియు ఆ అల్లికను సడలించును. నులక సడలినంతమాత్రమున మనము మంచమును పాఱవేయము. కాళ్ళవైపు త్రాడును లాగి బిగింతుము. ఈ కండరములను గూడ అట్లే బిగింపవచ్చునని మీరు గ్రహింపవలెను. దాని విధానమును ముందు చెప్పెదను.

మూత్రము జాఱుట యంతయు ఒకే వ్యాధి కాదు. రకమునుబట్టి చికిత్స మాఱును. మొదటి రకములో దగ్గు, తుమ్ము, నవ్వు, బరువు ఎత్తుట మొదలైనవానివలన కడుపులో ఒత్తిడి కలిగినప్పుడు మూత్రము జాఱును. ఇది అల్లిక సడలుటవలన వచ్చునది. నాట్లువేయుచు వంగి లేచు స్త్రీలు, తట్టలు మోయు స్త్రీలు దీనిచే ఎక్కువగా బాధపడుదురు. రెండవ రకములో వేగము ఉన్నట్టుండి తట్టుకొనరానంతగా వచ్చును. నీళ్ళచప్పుడు వినగానే, ఇంటి తాళము తీయుచుండగనే, దొడ్డిదారి పట్టకముందే మూత్రము వెలువడును. ఇందు మూత్రాశయము నిండకముందే తనంత తాను ముడుచుకొనుచుండును. పెక్కుమందికి ఈ రెండును కలిసియుండును.

మూడవ రకములో సంచి ఎన్నడును పూర్తిగా ఖాళీ కాదు. నిండిన కుండ పొర్లినట్లు మూత్రము కొంచెము కొంచెముగా కాఱుచుండును. చిరకాలము మధుమేహము గలవారికి నరములు మొద్దుబాఱుటవలనను, గర్భసంచి మిక్కిలిగా జాఱి మార్గమునకు అడ్డుపడుటవలనను ఇట్లగును. నాలుగవ రకము వృద్ధస్త్రీలది. వారి మూత్రాశయము బాగుగనే ఉండవచ్చును. కాని మోకాళ్ళు పట్టుకొనిపోయి త్వరగా లేవలేరు, మఱుగుదొడ్డి పెరటి చివర చీకటిలో నుండును, కన్ను సరిగా కనబడదు. అచ్చటికి చేరులోపల ఆలస్యమైపోవును. ఇట్టివారికి కావలసినది మాత్ర కాదు. పడకకు దగ్గఱగా మఱుగుదొడ్డియో మూత్రపాత్రయో, గోడకు పట్టుకొను కఱ్ఱయో, రాత్రియంతయు వెలుగు ఒక చిన్న దీపమో కావలెను.

ఐదవ రకము అన్నిటికంటె దారుణము. పగలురాత్రి యనక, లేచినను పడుకొన్నను మూత్రము ఎడతెగక కాఱుచుండును. ఇది మూత్రాశయమునకును యోనిమార్గమునకును నడుమ రంధ్రము పడుటవలన వచ్చును. కాన్పు కష్టమై, బిడ్డ తల ఎముకలనడుమ గంటలతరబడి ఇఱుకుకొన్నప్పుడు మూత్రాశయపు గోడ నలిగి రక్తము ఆడక చచ్చిపోవును. కొద్దిదినముల తరువాత ఆ చచ్చిన భాగము ఊడి రంధ్రమేర్పడును. ఇట్టి కాన్పులలో బిడ్డయు తఱచుగా దక్కదు. బిడ్డను పోగొట్టుకొన్న ఆ తల్లిని, వాసన వచ్చుచున్నదని పుట్టింటికి పంపివేయుట, మాఱుమనువు మాట తెచ్చుట పల్లెలలో జరిగినవే. అట్టి తగవు మీ యెదుటికి వచ్చినయెడల, తీర్పు చెప్పుటకు ముందు ఆమెను ఆసుపత్రికి పంపుడు. ఆమె తప్పు ఏమియు లేదు. అది శస్త్రచికిత్సచే మూయదగిన రంధ్రము. నేర్పరులైన వైద్యులు చేసిన చికిత్సచే పదిమందిలో ఎనిమిది తొమ్మిదిమందికి అది మూసికొనును. కాన్పైన కొద్దిదినములలోనే కనిపెట్టినచో, మూత్రాశయములో గొట్టము కొన్ని వారములుంచుటచేతనే చిన్న రంధ్రములు కొన్ని మానిపోవును.

ఈ చికిత్స వెనుక పెద్ద చరిత్ర కలదు. అమెరికాలోని అలబామా రాష్ట్రములో మారియన్ సిమ్స్ అను వైద్యుడు 1840ల చివరి భాగమున ఈ రంధ్రమును మూయు పద్ధతిని సాధించెను. ఆయన ప్రయోగములకు గుఱియైనవారు అనార్కా, లూసీ, బెట్సీ మొదలైన బానిసస్త్రీలు. మత్తుమందు లేకుండ వారు ఆ కోతలను మఱల మఱల సహించిరి. వారి బాధనుండి వచ్చిన విద్య నేడు లోకమంతట స్త్రీలకు ఉపయోగపడుచున్నది. మత్తుమందు విషయములో మన హైదరాబాదునకును ఒక స్థానమున్నది. 1888లోను 1889లోను ఎడ్వర్డు లారీ అను వైద్యుని ఆధ్వర్యవమున, నిజాము ప్రభుత్వపు ధనసహాయముతో, క్లోరోఫారము ఎంతవఱకు క్షేమకరమని ఇక్కడనే పరీక్షలు జరిగినవి. ఆ కాలముననే ఇక్కడి వైద్యపాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ మత్తుమందిచ్చు వైద్యురాలై, నేడు సుల్తాన్‌బజారు ఆసుపత్రిగా మనమెఱిగిన వైద్యశాలలో పనిచేసిరి. పర్దాలో నుండిన స్త్రీలకు స్త్రీయే వైద్యము చేయగలుగుట ఎంతటి ఊఱటయో వేఱుగ చెప్పనక్కఱలేదు.

1948లో ఆబిడ్సు దగ్గఱి బొగ్గులకుంటలో లూర్డ్స్ ఫెర్నాండెజ్ అను వైద్యురాలు రెండు పడకలతో ప్రసూతిశాల ప్రారంభించిరి. 1949లో తన పరిచారిక కాన్పులో మరణించుటచే కలతచెందిన నిలోఫర్ రాజకుమారి పూనికచేత 1953లో రెడ్‌హిల్సులో స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి ఏర్పడినది. ఆమె ఏడవ నిజాము రెండవ కుమారుని భార్య. రాజప్రాసాదములోని పరిచారికకే కాన్పులో దిక్కులేకపోయినచో, పల్లెలలోని స్త్రీల గతి అప్పుడెట్లుండెనో చెప్పనేల? 2005 ఆగస్టు 15వ తేదీన మన ప్రాంతములో 108 వాహనములు ప్రారంభమైనవి. 2017లో తెలంగాణ ప్రభుత్వము ఆ ఫెర్నాండెజ్ సంస్థతో కలిసి కరీంనగరములో నర్సులకు మంత్రసాని విద్య నేర్పుటకు పూనుకొనెను. కాన్పు సకాలమున, తెలిసినవారి చేతులమీద జరిగినచో రంధ్రమే పడదు.

కనుక ఇందు గ్రామపెద్దల వంతు ఉన్నది. బాలికకు పదునెనిమిదేండ్లు నిండకముందు పెండ్లి జరుగనీయకుడు. ఎదుగని ఎముకలనడుమ బిడ్డ తల ఇఱుకుట ఎక్కువ. నొప్పులు ప్రారంభమై ఒక పగలో ఒక రాత్రియో గడచినను కాన్పు కానిచో, ఇంక చూతమని కాలయాపన చేయక వాహనమును పిలువుడు. కాన్పు తరువాత బాలింతకు మూత్రము వెలువడకున్నను, ఎడతెగక కాఱుచున్నను ఆనాడే వైద్యురాలికి తెలుపుడు.

ఇంకొక మాట. గర్భసంచి తీసివేయు శస్త్రచికిత్స మన రెండు తెలుగు రాష్ట్రములలో దేశమంతటికంటె ఎక్కువగా జరుగుచున్నది. 2015–16లోను 2019–21లోను జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య పరిశీలనలు రెండును ఈ సంగతినే చెప్పినవి. ఇక్కడి ప్రమాణము దేశపు సగటునకు రెండింతలకు పైబడియున్నది. తెల్లబట్టకును, కడుపునొప్పికిని, నడుమునొప్పికిని ఇదియే మందని ముప్పది ఏండ్ల స్త్రీలకు సయితము చేయించుచున్నారు. ఆ చికిత్స అవసరమైన సందర్భములు లేకపోలేదు. కాని అవసరము లేకుండ చేయించుకొన్నచో మూత్రాశయమునకు ఆసరా తగ్గుటయు, అరుదుగా ఆ కోతలోనే మూత్రాశయమునకు గాయమగుటయు కలదు. మూత్రము జాఱుటకు గర్భసంచి తీయుట చికిత్స కాదు. ఎవరైన అట్లు చెప్పినచో ప్రభుత్వ వైద్యశాలలో రెండవ వైద్యురాలి అభిప్రాయము అడుగుడు.

వైద్యురాలి యొద్దకు పోయినప్పుడు ఏమి జరుగును? మొదట మూత్రపరీక్ష చేయుదురు. మూత్రములో సూక్ష్మక్రిములు చేరినయెడల మంట, తఱచు వేగము కలిగి మూత్రము జాఱును. కొద్దిదినములు మందు తినిన అది తగ్గును. రక్తములో చక్కెరను చూతురు. కడుపును, క్రిందిభాగమును పరీక్షించి గర్భసంచి జాఱినదా యని చూతురు. మూడు దినములు ఎప్పుడెప్పుడు నీళ్ళు త్రాగినది, ఎప్పుడు ఒంటికి పోయినది, ఎప్పుడు జాఱినది వ్రాసి తెమ్మందురు. ఆమెకు చదువు రాకున్నచో మనుమరాలు వ్రాయవచ్చును. ఈ మూడు దినముల పట్టికయే చాలవఱకు వ్యాధి రకమును చెప్పివేయును. అనేకులకు ఇంతకంటె పెద్దపరీక్షలు అక్కఱలేదు.

ఇక చికిత్స. మొదటి రకమునకు ప్రధానచికిత్స నేను ముందు చెప్పిన అల్లికను బిగించు వ్యాయామము. అమెరికాదేశపు వైద్యుడు ఆర్నాల్డ్ కీగెల్ 1948లో దీనిని ప్రకటించెను. నలుగురిలో కూర్చుండియుండగా అపానవాయువును ఎట్లు ఆపుకొందుమో అట్లు క్రింది మార్గములను లోపలికి, పైకి ఈడ్చి పట్టవలెను. అయిదు లెక్కించునంతవఱకు పట్టి, అంతసేపు సడలించి, మఱల పట్టవలెను. ఇట్లు ఎనిమిది నుండి పదిసార్లు. ఉదయము, మధ్యాహ్నము, రాత్రి మూడుపూటల చేయవలెను. క్రమముగా పది లెక్కించునంతవఱకు పట్టుట అలవాటు చేసికొనవలెను. ఊపిరి బిగబట్టరాదు. తొడలను, పిఱుదులను, పొట్టను బిగింపరాదు. మూత్రము పోయుచు నడుమ ఆపి అభ్యసింపరాదు. దగ్గు వచ్చునని తోచగానే, బిందె ఎత్తబోవునప్పుడు ముందుగా ఒక్కసారి బిగించి పట్టినచో మూత్రము జాఱదు.

పొయ్యియొద్ద కూర్చుండియు, పత్తి తీయుచును, పడుకొనియు దీనిని చేయవచ్చును. ప్రక్కవారికి తెలియనైనను తెలియదు. అయితే ఫలము పదిదినములలో రాదు. విడువక మూడు మాసములు చేయవలెను. 2018లో ప్రకటింపబడిన కోక్రేన్ వారి సమీక్షలో, ఈ మొదటి రకము గల స్త్రీలలో వ్యాయామము చేసినవారిలో నూటికి ఏబదియాఱుగురు నయమైనదని చెప్పగా, ఏ చికిత్సయు లేనివారిలో నూటికి ఆఱుగురే అట్లు చెప్పిరి. ఖర్చులేని చికిత్సకు ఇంతటి ఫలము అరుదు.

రెండవ రకమునకు మూత్రాశయమునకు క్రమశిక్షణ నేర్పవలెను. గంటకొకసారి పోవు స్త్రీ, మొదటి వారము గంటంబావువఱకు ఆగుటకు ప్రయత్నింపవలెను. వేగము రాగానే పరుగెత్తక, కదలక కూర్చుండి, అల్లికను బిగించి పట్టి, మనస్సును మఱియొకదానిపై నిలిపినచో ఆ వేగము కొంచెము తగ్గును. వారమునకు పావుగంట చొప్పున పెంచుకొనుచు మూడు గంటలవఱకు తేవలెను. దీనికి కనీసము ఎనిమిది వారములు పట్టును.

నీళ్ళు మానుట మాత్రము చికిత్స కాదు. నీళ్ళు తగ్గినకొలది మూత్రము చిక్కబడి మూత్రాశయమును మండించును, వేగము ఇంకను హెచ్చును, క్రిములు చేరును, మలబద్ధకము కలుగును. దినమునకు ఒకటిన్నర రెండు లీటర్ల నీరు కావలెను. ఎండలో పనిచేయువారికి ఇంకను ఎక్కువ కావలెను. గుండెజబ్బు, మూత్రపిండముల జబ్బు గలవారు మాత్రము వైద్యుడు చెప్పినంతయే త్రాగవలెను. రాత్రి పడుకొనుటకు రెండుగంటల ముందు నీళ్ళు తగ్గించుకొనవచ్చును. తేనీరు, కాఫీ తగ్గించినచో రెండవ రకమువారికి మేలు. చుట్ట, బీడీ మానవలెను, పొయ్యిపొగను తప్పించుకొనవలెను, దగ్గు తగ్గినచో జాఱుట తగ్గును. ఆకుకూరలు, జొన్నరొట్టెలు, పండ్లు తిని మలబద్ధకమును పోగొట్టుకొనవలెను. లావుగా నున్నవారు కొంచెము బరువు తగ్గినను గుణము కనబడును. రక్తపుపోటునకు వాడు మాత్రలలో కొన్ని మూత్రమును హెచ్చించును. వానిని తమంత తాము మానక, ఏ వేళకు వేసికొనవలెనో వైద్యుని అడుగవలెను. తడిసిన బట్టను వెంటనే మార్చి, శరీరమును మంచినీటితో కడిగి, మెత్తగా తుడిచి ఆఱనీయవలెను. వాడిన బట్టలను మూలలలో దాచక, సబ్బుతో ఉదికి ఎండలో ఆఱవేయవలెను.

వీనితో తగ్గనిచో మందులున్నవి. రెండవ రకమునకు ఆక్సిబ్యుటినిన్, మిరాబెగ్రాన్ మొదలైన మందులను వైద్యులు ఇత్తురు. వీనిలో కొన్ని నోరు ఎండునట్లు చేయును, మలబద్ధకము కలిగించును, వృద్ధులకు మతి తత్తఱపెట్టును. కాబట్టి దుకాణములో అడిగి కొని వాడరాదు. ముట్లుడిగినవారికి లోపల రాయు లేపనము కొందఱికి గుణమిచ్చును. గర్భసంచి జాఱినవారికి రబ్బరు వంటి మెత్తని కడియమును లోపల అమర్చుట వలన కోత లేకుండనే ఆసరా కలుగును. నిండి పొర్లు మూడవ రకమువారికి సన్నని గొట్టముతో మూత్రాశయమును ఖాళీచేయుట నేర్పుదురు.

మొదటి రకము వ్యాయామముచే తగ్గనిచో శస్త్రచికిత్స కలదు. మూత్రమార్గము క్రింద ఒక పట్టీని ఊయలవలె అమర్చుట అందు ఒకటి. ఆ పట్టీని రోగి శరీరపు పొరతోనే చేయవచ్చును, కృత్రిమమైన వలతోను చేయవచ్చును. కృత్రిమమైన వలవలన కొందఱు స్త్రీలకు తీవ్రమైన నొప్పి మొదలగు బాధలు కలుగగా, ఇంగ్లండులో 2018 జూలైలో ఆ చికిత్సలను నిలుపుచేసిరి. కనుక ఏ పట్టీ వేయుదురు, లాభమేమి, కలుగగల కష్టమేమి అని చికిత్సకు ముందే అడిగి తెలిసికొనవలెను. ఇంకను బిడ్డలు కావలెనని కోరువారు ఆ మాట వైద్యురాలికి తప్పక చెప్పవలెను.

ఆలస్యము చేయరాని గుఱుతులు కొన్ని ఉన్నవి. మూత్రములో రక్తము కనబడుట, చలిజ్వరముతో నడుమునొప్పి, మూత్రము పూర్తిగా బంధించుట, కాళ్ళ పట్టు తప్పుటతోగాని తొడలనడుమ స్పర్శ లేకపోవుటతోగాని ఉన్నట్టుండి మూత్రము జాఱుట, పగలురాత్రి ఎడతెగక కాఱుట. వీనిలో ఏది కనబడినను వ్యాయామముతో కాలము గడపక ఆసుపత్రికి పోవలెను.

పెద్దలారా, రకము తెలిసినచో చికిత్స తెలియును. రకము తెలియవలెనన్న ఆమె నోరు విప్పి చెప్పవలెను. ఆమె చెప్పవలెనన్న ఇంటిలో వినువారు ఉండవలెను. అత్తగారు కోడలిని, కూతురు తల్లిని, “దగ్గినపుడు ఒంటికి ఆగుచున్నదా?” యని మెల్లగా అడుగవచ్చును. ఆ ఒక్క ప్రశ్న పదేండ్ల మౌనమును తొలగింపగలదు. పురుషులు అడుగ సంకోచింతురేని, గ్రామములోని ఆశా కార్యకర్తనో నర్సునో ఇంటికి పిలిచి మాటలాడనీయవచ్చును. ఎగతాళి మాత్రము చేయరాదు, చేయువారిని సహింపరాదు.

గ్రామములో మీరు చేయదగిన పనులును ఉన్నవి. బడిలో, సంతలో, బస్సు ఆగు చోట, గుడి ఉత్సవములో స్త్రీలకు తలుపు, గడియ, నీరు, దీపము గల మఱుగుదొడ్లు ఉన్నవా యని చూడుడు. పెండ్లి పందిరి వేయించునప్పుడు వంటశాలకు చోటు చూచినట్లే దీనికిని చోటు చూడుడు. కూలిపనికి పోవు స్త్రీలకు నడుమ లేచిపోవు అవకాశమిండు. ఇంటిలో వృద్ధురాలున్నచో ఆమె పడకను మఱుగుదొడ్డికి దగ్గఱగా మార్పించుడు.

ఈసారి కుటుంబముతో నాంపల్లిలో రైలు దిగునప్పుడు, బట్టల దుకాణములకు పోవుటకు ముందు, ఉదయముననే ఆసుపత్రిలో చీటీ వ్రాయించుకొనుటకు రెండు గంటలు కేటాయింపుడు. అంతదూరము పోలేనివారికి మీ ప్రాథమిక ఆరోగ్యకేంద్రమే మొదటి మెట్టు. వెంట పోవువారు లేక ఆగిపోయిన స్త్రీ మీ యింట ఉన్నయెడల, ఆమెకు తోడుగా మీరే బయలుదేరుడు. ఈ మనవితో ప్రసంగము ముగించుచున్నాను.